అర్హత పోటీలు: గద్వాల గ్రౌండు నుంచి బ్యాంకాక్ దాకా

2023 జూలైలో ఒక పొద్దున రాజోలి నుంచి పన్నెండు మంది ఆడపిల్లల్ని తీసుకొని గద్వాల బస్సెక్కాను. నేను బడిలో చెప్పేది సాంఘిక శాస్త్రం. పీఈటీ పోస్టు ఖాళీగా ఉంది కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది. ఫుట్‌బాల్ నియమాలు ఫోనులో చూసి నేర్చుకున్నాను. ఆఫ్‌సైడు అంటే ఏమిటో నాకన్నా ముందు పిల్లలకే అర్థమైంది. బూట్లు నలుగురికే ఉన్నాయి, మిగతావాళ్ళు ఉత్త కాళ్ళతోనే ఆడతామన్నారు. మేం పోతున్నది సుబ్రతో కప్ జిల్లా స్థాయి పోటీలకు, పదిహేడేళ్ళ లోపు అమ్మాయిల విభాగం.

గ్రౌండులోకి దిగకముందే ఒక బల్ల దగ్గర కాగితాలు చూస్తారు. బోనఫైడ్, ఆధార్ జిరాక్స్, ఫోటో. అక్కడ మా జట్టులో అందరికన్నా బాగా ఆడే పిల్లని పక్కన నిలబెట్టారు. ఆ ఏడు ఆడాలంటే 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. ఆమె ఆధార్‌లో పుట్టిన తేదీ 2006 జనవరి 1 అని ఉంది. బల్ల దగ్గర కూర్చున్నాయన తప్పు చేశాడని నేను అనను, నియమం అదే. పదకొండు మందితో ఆడాం, ఓడిపోయాం. ఆ పిల్ల గోడ నీడన కూర్చొని మా చెప్పులకు కాపలా కాసింది.

ఆ సాయంత్రం నుంచే ఈ వ్యాసం నా తలలో తిరుగుతున్నది. జిల్లా, రాష్ట్రం, ఢిల్లీ, ఆ పైన ఆసియా, ఆ పైన ప్రపంచం అంటూ ఈ మెట్లు ఎప్పుడు కట్టారు, వాటి మీద మనవాళ్ళు ఎవరెవరు ఎక్కారు, ఎక్కడెక్కడ ఆగిపోయారు అని చదవడం మొదలుపెట్టాను. చరిత్ర చెప్పేవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన దారి అదొక్కటే.

ముందు పెద్దవాళ్ళ సంగతి. స్వతంత్ర భారతదేశం ఒలింపిక్స్‌కు మొదటిసారి ఫుట్‌బాల్ జట్టును పంపింది 1948లో, లండన్‌కు. ఆ జట్టు కెప్టెన్ ఒక ఆదివాసీ. పేరు తాలిమెరెన్ ఆవ్, నాగా కొండల్లోని చాంగ్‌కీ ఊరివాడు, ఆవ్ నాగా తెగ. వైద్యం చదివి డాక్టరయ్యాడు. జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఫ్రాన్స్ చేతిలో 1-2తో ఓడారు, అదీ రెండు పెనాల్టీలు పోగొట్టుకొని. ఒలింపిక్ ప్రారంభ వేడుకలో జాతీయ జెండా పట్టుకొని నడిచింది కూడా ఆయనే. మన పాఠ్యపుస్తకాల్లో జైపాల్ సింగ్ ముండా పేరు అయినా ఒక మూల కనిపిస్తుంది, 1928 హాకీ బంగారు పతకం పుణ్యమా అని. ఆవ్ పేరు మాత్రం నేను బీఈడీ చేసి పదేళ్ళు పాఠాలు చెప్పాక కూడా వినలేదు.

ఇక మన హైదరాబాద్. సయ్యద్ అబ్దుల్ రహీం గురించి ఇప్పుడు సినిమా వచ్చింది కాబట్టి చాలామందికి తెలుసు. ఆయన కూడా బడిపంతులే. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తయారుచేశాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చింది. మరుసటి ఏడు జూన్‌లో రహీం క్యాన్సర్‌తో పోయాడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన చేతిలో పెరిగినవాడే.

ఈ గొప్పలు చదువుతుంటే గర్వంగానే ఉంటుంది. కానీ ఆ ఆటగాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారో చూస్తే మన పరిస్థితి అర్థమవుతుంది. కంటోన్మెంటు బస్తీలు, పాతబస్తీ మొహల్లాలు, పోలీసు లైన్లు. ఫుట్‌బాల్ మన దగ్గర పటాలాల వెంట వచ్చింది, పటాలాలు ఉన్నచోటే ఆగింది. పాలమూరు ఎర్ర నేలల్లోకి గానీ, నల్లమల చెంచు పెంటల్లోకి గానీ, తండాల్లోకి గానీ రాలేదు. మనకు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ వచ్చాయి. కబడ్డీకి కాళ్ళూ కూతా చాలు. ఫుట్‌బాల్‌కు కూడా ఒక బంతి చాలు కదా అంటారు కొందరు. బంతి ఒక్కటే చాలదు. గోలు కొట్టిన పిల్లని చూసి ఊరు కేకలెయ్యాలి, ఆ అలవాటు ఊరికి ఉండాలి.

చోటానాగ్‌పూర్ వైపు ఆ అలవాటు ఉంది. జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ ఊళ్ళలో పంట కోతలయ్యాక ఊరికీ ఊరికీ ఫుట్‌బాల్ పోటీలు పెట్టుకుంటారు, గెలిచిన జట్టుకు మేకపోతు బహుమానం. ఖస్సీ టోర్నమెంట్ అంటారు. కప్పు అద్దాల బీరువాలోకి పోతుంది, మేక మాత్రం ఆ రాత్రే ఊరంతటికీ అందుతుంది. మిషన్ బడులు, బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు ఆ ఆటను అక్కడికి తెచ్చాయి, మేకపోతు దాన్ని నిలబెట్టింది. మన తండాల్లో తీజ్‌కు, సీత్లా పండుగకు మేకలు కోస్తాం. ఫుట్‌బాల్ కోసం కోసిన మేక నాకు తెలిసి ఒక్కటీ లేదు.

ఇప్పుడు పిల్లల పోటీలకు వద్దాం.

ఆసియాలో ఇరవై ఏళ్ళ లోపు కుర్రాళ్ళకు ఒక పోటీ పెట్టాలని పూనుకున్నది మలయా ప్రధాని తుంకు అబ్దుల్ రహమాన్. అప్పుడు ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యకు అధ్యక్షుడు కూడా ఆయనే. 1959లో కౌలాలంపూర్‌లో మొదటి పోటీ జరిగింది, దక్షిణ కొరియా గెలిచింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఏటా జరిగింది. 1974లో బ్యాంకాక్‌లో జరిగిన పోటీలో భారత కుర్రాళ్ళ జట్టు ఫైనల్ దాకా పోయింది. ఎదురుగా ఇరాన్. అంతకుముందు ఏడాది కప్పు గెలిచిన జట్టు అది. ఆట 2-2తో సమమైంది. రెండు జట్లనూ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు.

ఆ భారత జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ. హైదరాబాదీ. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. తర్వాత కలకత్తా పెద్ద క్లబ్బులకు ఆడాడు, శిక్షకుడయ్యాడు, 2011లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నాడు. మన రాష్ట్రంలో ఎంతమంది పిల్లలకు ఆయన పేరు తెలుసో నేను అడిగి చూశాను. మా బడిలో ఒక్కరికీ తెలియదు. నాకు తెలిసింది కూడా ఈ మధ్యే కాబట్టి వాళ్ళను ఏమీ అనలేను.

ఇక్కడ చరిత్ర మనతో ఒక వింత ఆట ఆడింది. 1974లో మనవాళ్ళు ఆసియాలో మొదటి స్థానం పంచుకున్నారు. కానీ ఆ పైన ఎక్కడానికి మెట్టు లేదు. కుర్రాళ్ళకు ప్రపంచ పోటీ అనేదే అప్పటికి పుట్టలేదు. ఫిఫా దాన్ని 1977లో ట్యునీసియాలో మొదలుపెట్టింది. సోవియట్ యూనియన్ గెలిచిన ఆ పోటీలో ఆసియా నుంచి ఇరాన్, ఇరాక్ ఆడాయి. అప్పటి నుంచి ఆసియా యువ పోటీ అనేది తనంతట తాను ఒక కప్పుగా కాక, ప్రపంచ పోటీకి అర్హత రౌండుగా మారిపోయింది. తర్వాత ఆసియా పోటీకి రావడానికే అర్హత రౌండ్లు వచ్చాయి. 1985లో చైనాలో పదహారేళ్ళ లోపు వారికి ప్రపంచ పోటీ మొదలైంది, 1991 నుంచి అది పదిహేడేళ్ళ లోపు అయ్యింది. అమ్మాయిలకు 2002లో కెనడాలో మొదటి యువ ప్రపంచ పోటీ, పదిహేడేళ్ళ లోపు వారికి 2008లో న్యూజిలాండ్‌లో. మనం గెలిచినప్పుడు మెట్టు లేదు. మెట్లు వచ్చాక మన కాళ్ళు అక్కడికి చేరలేదు.

అంటే అసలే ప్రపంచకప్ ఆడలేదా అంటే ఆడాం, ఆతిథ్యం ఇచ్చి. 2017లో పదిహేడేళ్ళ లోపు అబ్బాయిల ప్రపంచకప్ మన దేశంలో జరిగింది. ఇంటి యజమానికి అర్హత పోటీ ఉండదు. మూడు ఆటలూ ఓడిపోయారు గానీ, కొలంబియా మీద మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్ తలతో కొట్టిన గోలు ఫిఫా ప్రపంచకప్పుల్లో భారతదేశం కొట్టిన మొదటి గోలు. మరుసటి ఏడాది మలేసియాలో పదహారేళ్ళ లోపు ఆసియా పోటీలో ఇంకో జట్టు, అర్హత రౌండు నెగ్గి వచ్చిన జట్టు, క్వార్టర్ ఫైనల్ దాకా పోయింది. ఆ ఒక్క ఆట గెలిస్తే 2019 ప్రపంచకప్‌కు సొంతంగా టికెట్టు. దక్షిణ కొరియా 1-0తో గెలిచింది. ఒక్క గోలు దూరం. 1974 తర్వాత అంత దగ్గరికి పోయిన సందర్భాలు చాలా తక్కువ.

2022లో అమ్మాయిల వంతు వచ్చింది. పదిహేడేళ్ళ లోపు అమ్మాయిల ప్రపంచకప్ కూడా మన దగ్గరే. భారత్ ఆడిన ఆటలు భువనేశ్వర్‌లో. కెప్టెన్ అస్తమ్ ఓరాన్, జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి. ఇరవై ఒక్క మంది జట్టులో ఆరుగురు ఒక్క జార్ఖండ్ వాళ్ళే, ఓరాన్లు, ముండాలు, ఖడియా ఇళ్ళుండే ఆ నేల నుంచి వచ్చినవాళ్ళు. అమెరికా మీద 0-8, మొరాకో మీద 0-3, బ్రెజిల్ మీద 0-5. ఒక్క గోలూ కొట్టలేదు. స్కోర్లు చూసి నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఆ స్కోర్ల కన్నా, అప్పుడే పత్రికల్లో వచ్చిన ఇంకో వార్త గుర్తుండిపోయింది. కెప్టెన్ అయిందని ఆమె ఇంటికి రోడ్డు వేయిస్తున్నారు. ఆ రోడ్డు పనిలో ఆమె అమ్మానాన్నలు రోజు కూలీలుగా రాళ్ళు మోస్తున్నారు. కూతురు ఆట చూడ్డానికి ఇంట్లో టీవీ లేకపోతే అధికారులు తెచ్చి పెట్టారు.

ఈ వార్త చదివినప్పుడు నా తోటి టీచర్లలో ఒకాయన, పాపం అన్నాడు. ఇంకొకాయన, కూలీ అయినా దొరికింది కదా అన్నాడు. మా తండాలో రోడ్డు వేసినప్పుడు మా నాయన కూడా అదే పని చేశాడు, నేను కెప్టెన్‌ని కాకపోయినా. అందుకే నాకు పాపం అనిపించలేదు, కోపమూ రాలేదు. తెలిసిన ఇల్లు లాగా అనిపించింది.

మన రాష్ట్రం నుంచి కూడా ఒక పేరు ఉంది. అది లేకపోతే ఈ వ్యాసం ఉత్త ఏడుపు అయ్యేది. గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ దగ్గర కిసాన్ నగర్ తండా లంబాడీ అమ్మాయి. ఆమె పరుగు చూసి ఒక శిక్షకుడు ఫుట్‌బాల్‌లోకి తెచ్చాడని పత్రికలు రాశాయి. వయసుల వారీ జాతీయ జట్ల మెట్లెక్కి పెద్ద జట్టుకు చేరింది. 2022లో క్రొయేషియాకు పోయి డినామో జాగ్రెబ్ మహిళల జట్టుకు ఆడింది. 2024-25లో ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉంది, ఆ ఏడాది జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంచింది. 2025 జూలైలో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో భారత మహిళలు ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆఖరి ఆటలో ఆతిథ్య జట్టునే 2-1తో ఓడించారు. ఆ జట్టులో సౌమ్య ఉంది.

సౌమ్య పుట్టిన జిల్లానే మాలావత్ పూర్ణదీ. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండా ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ. ఒకే జిల్లా తండాల నుంచి ఇద్దరు. ఆ నేలలో ఏదో ఉంది అనేవాళ్ళతో నేను ఏకీభవించను. మా గట్టు, ధరూరు తండాల్లోనూ అదే పరుగు ఉంది. తేడా ఎక్కడంటే, పూర్ణను గురుకులం చూసింది, సౌమ్యను ఒక శిక్షకుడు చూశాడు. చూసే కన్ను ఒకటి ఆ రోజు ఆ గ్రౌండులో ఉంది. మా దగ్గర ఆ రోజుకు సాంఘిక శాస్త్రం సారు ఉన్నాడు.

2025 అమ్మాయిల ఫుట్‌బాల్‌కు మంచి ఏడు. ఆగస్టులో మయన్మార్‌లో ఇరవై ఏళ్ళ లోపు జట్టు ఆఖరి ఆటలో మయన్మార్‌ను 1-0తో ఓడించి, 2006 తర్వాత మొదటిసారి ఆసియా పోటీకి చేరింది. అక్టోబర్‌లో కిర్గిజ్‌స్తాన్‌లో పదిహేడేళ్ళ లోపు జట్టు. అర్హత పోటీలు ఎట్లా ఉంటాయో తెలియనివాళ్ళకు ఒక మాట: మూడు నాలుగు దేశాలను ఒక గ్రూపుగా ఒకే ఊళ్ళో ఆడిస్తారు, వారం పది రోజుల్లో తేలిపోతుంది. మొదటి స్థానం వచ్చిన జట్టు పోతుంది, రెండో స్థానానికి చాలాసార్లు ఏమీ ఉండదు. 2018లో థాయిలాండ్‌లో మన పందొమ్మిదేళ్ళ లోపు అమ్మాయిలు పాకిస్తాన్ మీద 18-0తో గెలిచారు. అంత గెలుపు గెలిచీ ఆసియా పోటీ ఆఖరి దశకు చేరలేకపోయారు. కిర్గిజ్‌స్తాన్‌లో అట్లా కాలేదు. మొదట ఆతిథ్య జట్టు మీద 2-1, తర్వాత ఉజ్బెకిస్తాన్ మీద వెనకబడి 2-1. ఉజ్బెక్‌ల మీద స్కోరు సమం చేసిన గోలు తండామణి బాస్కేది. బాస్కే సంతాలీ ఇంటిపేరు. వార్తలో ఆ పేరు కనపడగానే 'తండా' దగ్గర నా కన్ను ఆగిపోయింది. మా తండాకూ ఆ పేరుకూ ఏ సంబంధమూ లేదని తెలుసు. అయినా ఆ వార్త రెండుసార్లు చదివాను.

సుబ్రతో కప్ సంగతి చెప్పనేలేదు. మా పిల్లలు ఆడటానికి పోయింది దానికే కదా. భారత వైమానిక దళానికి మొదటి భారతీయ అధిపతి ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ. బడి పిల్లల నుంచే ఆటగాళ్ళను ఏరాలన్నది ఆయన ఆలోచన. 1960లో ఢిల్లీలో మొదలైంది, ఆ ఏడాది నవంబర్‌లోనే ఆయన టోక్యోలో చనిపోయారు. ఇప్పుడు వైమానిక దళమే నడుపుతుంది. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి దేశాల బడులు కూడా వస్తాయి కాబట్టి అంతర్జాతీయ పోటీ అంటారు. 2012లో ఉక్రెయిన్ నుంచి డైనమో కీవ్ పిల్లలు వచ్చి గెలుచుకొనిపోయారు. అమ్మాయిల విభాగం ఆ 2012లో గానీ రాలేదు, అంటే అబ్బాయిల తర్వాత యాభై రెండేళ్ళకు. ఢిల్లీలో చివరి ఆటలకు మణిపూర్, మిజోరం, మేఘాలయ, జార్ఖండ్ బడులే ఎక్కువగా మిగులుతుంటాయి. కొండ పిల్లలు, అడవి పిల్లలు. దేశం మొత్తంలో ఒక మారుమూల సర్కారు బడి పిల్ల, తన బడి పేరు మీదనే, విదేశీ జట్టుతో ఆడగలిగే దారి ఇదొక్కటేనేమో. ఆ దారి మొదటి గేటు గద్వాల గ్రౌండులో ఆ బల్ల.

బల్ల మీద అంత పట్టుదల ఎందుకో కూడా న్యాయంగా చెప్పాలి. వయసు దాచి ఆడించడం మన దేశంలో పెద్ద రోగం. పదిహేడేళ్ళ పోటీలో మీసాలొచ్చిన ఇరవై ఏళ్ళవాళ్ళను దింపిన జట్లు చాలా ఉన్నాయి. ఫిఫా 2009 నైజీరియా ప్రపంచకప్ నుంచి పదిహేడేళ్ళ లోపు అబ్బాయిలకు మణికట్టు ఎమ్మారై తీయిస్తున్నది. మణికట్టు దగ్గర ఎముక పెరిగే గీత పూర్తిగా పూడిపోతే పదిహేడు దాటినట్టే లెక్క. మన దేశంలోనూ ఎముక పరీక్షలు చేస్తారు. ఆ పరీక్షలంటే మొదట నాకు భయం వేసింది. తర్వాత చదివితే తెలిసింది ఏమిటంటే, తిండి చాలని పిల్లల ఎముకలు ఆలస్యంగా ముదురుతాయి. అంటే మా పిల్లలకు ఆ యంత్రం అన్యాయం చేయదు, చేస్తే ఒక ఏడు తక్కువే చూపిస్తుంది. అన్యాయం చేసేది కాగితం. యంత్రం ఉన్నది పై మెట్ల మీద. కింది మెట్టు మీద కాగితం ఒక్కటే.

ఇక ఆ పిల్ల కాగితం కథ. వాళ్ళది గట్టు వైపు తండా. అమ్మానాన్నలు సీడు పత్తి పనికి రాజోలి చుట్టుపక్కలకు వచ్చి తుంగభద్ర ఒడ్డున గుడిసె వేసుకొని ఉన్నారు. మా జిల్లా విత్తన పత్తికి పేరు. వేరే జిల్లాల వాళ్ళకు ఆ పని తెలియదు కాబట్టి చెబుతాను. సాయంత్రం పూట మొగ్గ విప్పి అందులోని మగ భాగాన్ని గోటితో తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. క్రాసింగ్ అంటారు. ప్రతి పువ్వుకూ చేతితోనే చేయాలి. చెట్టు ఎత్తుకు సరిపోయే ఒడ్డూ పొడుగూ, సన్నని వేళ్ళూ ఉన్నాయని ఆడపిల్లల్నే పిలుస్తారు. ఆ పని వానాకాలంలో, ఆగస్టు నుంచి మొదలై రెండు మూడు నెలలు. ఫుట్‌బాల్ పోటీల సీజనూ అదే. జిల్లా పోటీలో గెలిచి ఉంటే రాష్ట్ర పోటీకి ఎంతమంది పిల్లలు మిగిలేవాళ్ళో నాకు అనుమానమే.

2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్రకు వరద వచ్చింది. రాజోలి మునిగింది. ఆ వరద ఇక్కడ కాలాన్ని రెండు ముక్కలు చేసింది, ఎవర్ని అడిగినా వరదకు ముందు, వరద తర్వాత అనే చెబుతారు. గుడిసెలో ఉన్న రేకు పెట్టె, అందులోని కాగితాలు నీళ్ళలో పోయాయి. ఉన్నాయా అంటే అది కూడా అనుమానమే, ఎందుకంటే ఆ పిల్ల పుట్టింది తండాలోనే, మంత్రసాని చేతుల మీద. బడిలో చేర్చేటప్పుడు ఎవరో ఒక తేదీ వేశారు. జనవరి 1. మా క్లాసులో ఆ తేదీ ఉన్నవాళ్ళు తొమ్మిది మంది. తండా మొత్తం ఒకే రోజు పుట్టినట్టు ఉంటుంది ఆ రిజిస్టరు చూస్తే. అదే ఆధార్‌లోకి ఎక్కింది.

గద్వాల నుంచి వచ్చాక నేను వాళ్ళ గుడిసెకు పోయాను. బాయీ, ఈ పిల్ల ఎప్పుడు పుట్టింది అని మా గోర్ బోలిలోనే అడిగాను. యాడి ఆలోచించలేదు కూడా. "వరదొచ్చినప్పుడు సంకల ఉండె సారూ. ఇంకా నడక రాలె. ఎత్తుకొనే ఉరికినం" అని తెలుగులోనే చెప్పింది, సారుకు తెలుగులో చెబితేనే లెక్క అన్నట్టు. పుట్టింది ముందటి ఏడు దసరాకు ముందట అన్నది.

దీని మీద కొంచెం ఆగాలి. ఆధార్ నిజమైతే వరద నాటికి ఆ పిల్లకు మూడేళ్ళ తొమ్మిది నెలలు. ఆ వయసు పిల్ల నడవడమే కాదు, పరుగెత్తుతుంది. ఇంకా నడక రాని పిల్ల అంటే ఏడాది చుట్టుపక్కల. కాబట్టి 2008 చివర. పక్క గుడిసె ముసలమ్మను వేరేగా అడిగాను, ఆమె కూడా తల్లి సంకలోనే చూశానన్నది. తొమ్మిదో తరగతికి నేను చెప్పే చరిత్ర పాఠంలో లిఖిత ఆధారాలు, మౌఖిక ఆధారాలు అని రెండుంటాయి. రెండూ ఒకదానికొకటి ఎదురు నిలిస్తే ఏది నమ్మాలో పరిశీలించి తేల్చుకోవాలని ఉంటుంది. శాతవాహనుల విషయంలో మనం అంత జాగ్రత్త పడతాం.

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. ఏడాది దాటిన పుట్టుకను నమోదు చేయాలంటే మేజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. ఆ సర్టిఫికెట్ ఉంటేనే ఆధార్‌లో తేదీ మారుతుంది, అదీ ఒక్కసారే. 2023లో ఆ చట్టాన్ని సవరించారు, ఆ అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్ళకు బడిలో చేరడం మొదలు అన్నిటికీ జనన ధ్రువపత్రమే ఆధారం. అంటే ముందు ముందు ఈ కాగితం బరువు ఇంకా పెరుగుతుంది. అఫిడవిట్లు రాయించాను. పంచనామాకు ఇద్దరు పెద్దమనుషులు కావాలంటే తండా నాయక్‌నూ, ఆ ముసలమ్మనూ తీసుకుపోయాను. ముసలమ్మకు కూడా ఆధార్‌లో జనవరి 1నే. ఒక ఆఫీసులో మూడుసార్లు రేపు రమ్మన్నారు, ఇంకో ఆఫీసులో ఫైలు కనపడలేదన్నారు, తర్వాత కనపడింది. వాళ్ళ కూలీ రోజులు పోయాయి, నా సెలవులు పోయాయి.

2024 పోటీలకు 2008 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళు ఆడొచ్చు. 2025 పోటీలకు 2009 తర్వాత. లెక్క వేస్తే ఆ పిల్లకు మిగిలింది 2024 జూలై ఒక్కటే. సర్టిఫికెట్ 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. పుట్టిన తేదీ 2008 అక్టోబర్ 5 అని ఉంది. దసరా ఆ ఏడు ఏ రోజు వచ్చిందో పంచాంగంలో చూసి, దానికి ముందు ఆదివారం వేయించాం.

ఆమె ఇప్పుడు గద్వాలలో ఇంటర్ చదువుతున్నది. సెలవుల్లో వచ్చినప్పుడు మా బడి పిల్లలతో సాయంత్రాలు ఆడుతుంది. వాళ్ళ చెల్లె ఏడో తరగతిలో ఉంది, ఎడమ కాలితో కొడుతుంది. చెల్లె పుట్టింది వరద తర్వాత, సర్కారు దవాఖానలో, కాగితం ఉంది. దాన్ని నాలుగు జిరాక్సులు తీయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నా బీరువాలో పై అరలో పెట్టాను. నీళ్ళు వచ్చినా అందకుండా.